పనిచేసే మనిషి ముఖం ఫోటోలో పట్టుకోవాలంటే

పత్రికవాళ్లు పని అప్పగించేటప్పుడు "శ్రీకాళహస్తి కలంకారీ, నాలుగు ఫోటోలు" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. ఆ నాలుగింట్లో ఒకటైనా గుడ్డది కాకుండా మనిషిది ఉండాలని నా పట్టుదల. అందుకు ముందుగా చేయాల్సింది, బ్యాగు జిప్పు తీయకుండా కాసేపు కూర్చోవడం.

"మీ గురించి చెప్పండి" అంటే ఎవరైనా బిగుసుకుపోతారు. పని గురించి అడగండి. గుడ్డను కరక్కాయ, పాలల్లో ఎందుకు ముంచుతారు? బెల్లం, తుప్పు ఇనుము ఊరబెట్టిన నల్లరంగు ఎన్నాళ్లకు తయారవుతుంది? ఇలాంటివి అడిగితే మాట దానంతట అదే సాగుతుంది. ఆ తర్వాతే కెమెరా.

కలంకారీ కలం అంటే ఉన్ని చుట్టి దారం కట్టిన వెదురు పుల్ల. ఆ ఉన్నిని వేళ్లతో నొక్కితే రంగు కిందికి దిగుతుంది. పొడుగు గీత లాగేటప్పుడు వాళ్లు ఊపిరి బిగబడతారు, పెదాలు లోపలికి పోతాయి. గీత అయిపోగానే ఊపిరి వదిలి ఒక్కసారి తలెత్తుతారు. షట్టర్ నొక్కాల్సింది అప్పుడే. గీత మధ్యలో మాత్రం పలకరించకండి, చెయ్యి కదిలితే ఆ నలుపు మళ్లీ పోదు.

చిన్న గదుల్లో 85 ఎంఎం లెన్స్‌కి వెనక్కి జరిగే చోటుండదు. 50 ఎంఎం చాలు. ట్యూబ్‌లైటు ఆర్పించి గుమ్మం పక్కన కూర్చోబెట్టండి. షట్టర్ స్పీడు 1/200 సెకను కంటే తగ్గించకండి, ఫోకస్ దగ్గరి కంటి మీద పెట్టండి. టెక్నికల్‌గా ఇంతకంటే పెద్ద విషయమేమీ లేదు.

"ఉండు నాయనా, చీర మార్చుకోనొస్తా" అని ఆ ఇంటి అక్క లోపలికి వెళ్తే వద్దనకండి. సహజంగా రాదని ఆపేసే ఫోటోగ్రాఫర్లను చూశాను, నాకది అస్సలు నచ్చదు. ఎలా కనపడాలో చెప్పే హక్కు ఆమెది. కొత్త చీరలో శ్రద్ధగా తీయండి. అది చూసుకుని సంతోషపడ్డాక, పనిచీరలో కూడా ఒకటి తీస్తానంటే కాదనరు.

తిరుపతిలో గోవిందరాజస్వామి గుడి దగ్గర పూలు కట్టేవాళ్లతో ఇబ్బంది వేరు. నెత్తిన నీలం టార్పాలిన్ ఉంటే ముఖమంతా నీలంగా వస్తుంది. అంచు వైపు జరిగి కూర్చోమని అడగండి, ఒళ్లో తెల్ల తువ్వాలు పరిస్తే గడ్డం కింద వెలుగు పడుతుంది. "బేరమొచ్చినప్పుడు మాత్రం పక్కకు జరుగు" అని ఒక అవ్వ షరతు పెట్టింది. దాన్ని నేను అన్ని చోట్లా పాటిస్తాను.

మే నెలలో గంగమ్మ జాతరకు పోతే ఒకటి గుర్తుంచుకోండి. బైరాగి వేషమైనా మాతంగి వేషమైనా, వేసుకున్నవాళ్లకు అది మొక్కు. గుడికి పోయేవాళ్లను దారిలో ఆపకూడదు. దర్శనమై బయటికొచ్చాక పేరు అడిగి తీయండి.

అన్నిటికన్నా కష్టమైనది తోతాపురి సీజన్. చిత్తూరు వైపు గుజ్జు ఫ్యాక్టరీల బయట మామిడి ట్రాక్టర్లు వరసగా నిలబడి ఉంటాయి. 2025లో ధర పడిపోయినప్పుడు ఆ వరసల్లో రైతుల ముఖాలు ఎలా ఉన్నాయో మా జిల్లా అంతటికీ తెలుసు. అక్కడ "కొంచెం నవ్వన్నా" అనే మాట నోట్లోంచి రాకూడదు. "ఎన్ని టన్నులన్నా? ఎప్పుడొచ్చినావు?" అని అడిగి, చెప్పింది పూర్తిగా వినండి. వాళ్లు సరేనంటే తీయండి. వద్దంటే కెమెరా దించి అక్కడే ఇంకాసేపు నిలబడి మాట్లాడండి, వెంటనే పక్క ట్రాక్టర్ దగ్గరికి పోవడం మర్యాద కాదు.

పేరు, ఊరు, ఫోన్ నంబరు అప్పుడే రాసుకోండి. వాట్సాప్‌లో పంపితే సరిపోదు, ప్రింటు తీసి చేతికివ్వాలి. కలంకారీ ఇల్లు ఎక్కడికీ పోదు, పూల అవ్వ రోజూ అక్కడే ఉంటుంది. మామిడి రైతుకు మాత్రం కాయలు అయిపోకముందే ఇవ్వండి, లేకపోతే వచ్చే జూన్ దాకా దొరకడు.