పాత గ్రామఫోను రికార్డులు ఇంట్లోనే శుభ్రం చేయడం ఎలా?

మా తాతయ్య ట్రంకుపెట్టెలో దొరికిన నాటక పద్యాల ప్లేటొకటి నా చేతుల్లోనే పాడైంది. మురికి బాగా పట్టి ఉందని మెడికల్ షాపు నుంచి స్పిరిట్ తెచ్చి దూదితో తుడిచాను. రెండు తుడుపులకే దూది నల్లబడింది. మురికి వదులుతోందనుకుని ఇంకాస్త గట్టిగా రుద్దాను. వదిలింది మురికి కాదు, ప్లేటు. నిగనిగలాడాల్సిన చోట బూడిదరంగు మచ్చ మిగిలింది. ముల్లు అక్కడికి రాగానే పద్యం బుసబుసల్లో మునిగిపోతుంది. ఆ ప్లేటు ఇంకెక్కడా నాకు దొరకలేదు.

కాబట్టి ఏ సీసా మూతా తీయకముందే, చేతిలో ఉన్నది దేనితో చేసిన రికార్డో తేల్చుకోండి.

లేబుల్ మీద 78 అని (నిమిషానికి ఎన్ని చుట్లు తిరగాలో చెప్పే అంకె) ఉండి, పది అంగుళాల సైజులో, చేతికి బరువుగా తగిలితే అది దాదాపుగా లక్క ప్లేటే. లక్కలో రాతిపొడిలాంటివి కలిపి అచ్చు వేసేవారు. వంచితే వంగదు, విరుగుతుంది. చెక్క సామానుకు ఫ్రెంచ్ పాలిష్ పెట్టేవాళ్ళు లక్కను కరిగించేది స్పిరిట్‌లోనే కదా, అదే స్పిరిట్ ఈ ప్లేటునూ కరిగిస్తుంది. 33 అని రాసి ఉన్న పన్నెండు అంగుళాల ఎల్పీ (లాంగ్ ప్లే రికార్డు), 45 అని ఉన్న ఏడు అంగుళాల చిన్న రికార్డు మామూలుగా వినైల్ అనే ప్లాస్టిక్‌వి. తేలిగ్గా ఉంటాయి, అంచు పట్టుకుంటే కొద్దిగా వంగుతాయి. అమెరికాలో ఎల్పీ 1948లోనే వచ్చినా మన దేశంలో 1960లలో కూడా 78 ప్లేట్లు తయారయ్యాయి. అందుకే ఒకే పెట్టెలో రెండు రకాలూ కలిసి దొరుకుతాయి. ఎటూ తేలకపోతే లక్కదనే అనుకుని పని చేయండి, నష్టం ఉండదు.

ఇక సరంజామా. అన్నిటికంటే ముఖ్యమైనది నీళ్ళు. బోరు నీళ్ళు ఆరిన చోట తెల్లటి ఉప్పు మిగలడం మన బకెట్ల మీద రోజూ చూసేదే, ఆ ఉప్పే రికార్డు మీద ముల్లు నడిచే సన్నటి గాళ్ళలోనూ పేరుకుంటుంది. ఇన్వర్టర్ బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ క్యాన్ ఒకటి తెచ్చుకోండి. బ్యాటరీ షాపుల్లో యాసిడ్ కూడా అమ్ముతారు, లేబుల్ చదివి మరీ తీసుకోండి. దానితోపాటు నాలుగైదు మైక్రోఫైబర్ గుడ్డలు, మెత్తటి కొత్త పెయింట్ బ్రష్ ఒకటి, రంగూ వాసనా లేని గిన్నెల లిక్విడ్ కొంచెం కావాలి. వినైల్ రికార్డుల కోసం మాత్రం 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్. చేతులకు రాసుకునే శానిటైజర్ పనికిరాదు, అందులో గ్లిజరిన్‌లాంటివి కలుపుతారు, అవి గాళ్ళలో ఉండిపోతాయి.

వినైల్‌కి 400 మిల్లీలీటర్ల డిస్టిల్డ్ వాటర్‌లో 100 మిల్లీలీటర్ల ఆల్కహాల్, రెండు చుక్కల లిక్విడ్ కలపండి. పొయ్యికీ దీపానికీ దూరంగా కూర్చోండి, ఆల్కహాల్ ఇట్టే అంటుకుంటుంది. లక్క ప్లేటుకి ఆల్కహాల్ ఒక్క చుక్క కూడా వద్దు, నీళ్ళూ రెండు చుక్కల లిక్విడూ చాలు.

పని పొడి దుమ్ముతో మొదలవుతుంది. రికార్డును అంచులతోనే పట్టుకుని, పొడి బ్రష్‌తో గాళ్ళ వెంట గుండ్రంగా ఊడ్చండి. దీన్ని వదిలేసి నేరుగా తడిపితే దుమ్ము బురదై లోపలికి దిగుతుంది. తెల్లగా, బూడిదగా బూజు పట్టి ఉంటే ఈ పని ఆరుబయట, ముక్కుకు మాస్కు కట్టుకుని చేయండి. వానాకాలంలో అట్ట కవరు పీల్చిన తేమే ఆ బూజుకు మూలం.

తర్వాత లేబుల్ సంగతి. అది కాగితం, తడిస్తే రంగు కారుతుంది, అంచులు లేస్తాయి. ఎల్పీ లేబుల్ సుమారు పది సెంటీమీటర్ల వెడల్పు ఉంటుంది. దాన్ని పూర్తిగా కప్పే ప్లాస్టిక్ డబ్బా మూత ఒకటి బోర్లించి, ఒక చేత్తో నొక్కి పట్టుకుంటే సరిపోతుంది.

ఉతికిన మెత్తటి తువ్వాలు పరిచి రికార్డును దాని మీద పెట్టండి. కలిపిన నీళ్ళను బ్రష్‌తో పలచగా పూయండి. వినైల్ అయితే ఒక్క నిమిషం నాననిచ్చి, బ్రష్‌ను గాళ్ళ దారిలోనే నెమ్మదిగా ఐదారు చుట్లు తిప్పండి. గాళ్ళకు అడ్డంగా ఎప్పుడూ రుద్దకండి. మురికిని పైకి లేపేది తడీ వెంట్రుకల కొసలూ, మన చేతి బలం కాదు. గుడ్డతో అద్ది తీసేయండి. ఇప్పుడు ఉత్త డిస్టిల్డ్ వాటర్‌తో ఇంకోసారి తడిపి, వేరే గుడ్డతో అద్దండి. ఈ రెండో తడుపు చాలామంది మానేస్తారు. సబ్బు పొర లోపలే ఉండిపోతే శుభ్రం చేసిన రికార్డే మళ్ళీ చిటపటలాడుతుంది.

లక్క ప్లేటును నాననివ్వకండి. తడపడం, తిప్పడం, అద్దడం అన్నీ ఒక నిమిషంలో అయిపోవాలి. లక్కలో కలిపిన పొడులు నీళ్ళు పీలుస్తాయి. అంచు పెచ్చు ఊడినా, సన్నటి పగులు కనిపించినా ఆ చోటికి తడి తగలనివ్వకండి.

ఆరబెట్టడానికి వంటింటి ప్లేట్ల స్టాండ్ చక్కగా పనికొస్తుంది. కమ్మీలకు గుడ్డ చుట్టి, రికార్డులను నిలబెట్టి, నీడలో గంటా రెండు గంటలు వదిలేయండి. ఎండ వద్దే వద్దు. మన వేసవి ఎండకు వినైల్ వంకర తిరుగుతుంది, ఆ వంకర తీయడం ఇంట్లో అయ్యే పని కాదు.

ఆరిన రికార్డును పాత కాగితం కవర్లో మళ్ళీ దూర్చకండి. వదిలించిన బూజూ దుమ్మూ అందులోనే ఉంటాయి. లోపల పాలిథీన్ పొర ఉన్న కొత్త కవర్లు కొనండి. బొమ్మ ఉన్న అట్టను పొడిగా తుడిచి విడిగా దాచుకోవచ్చు. రికార్డులను పుస్తకాల్లా నిలబెట్టే ఉంచాలి. ఒకదాని మీద ఒకటి పేరిస్తే కిందివి వంగుతాయి, లక్కవైతే విరుగుతాయి కూడా.

కొందరు కొబ్బరినూనె రాసి మెరిపిస్తారు, కొందరు కిరోసిన్ పూస్తారు. రెండూ వద్దు. ఫెవికాల్ పూసి ఆరాక పొరలా లాగే పద్ధతి కూడా ఒకటుంది. పొర తెగితే ముక్కలు గాళ్ళలోనే ఉండిపోతాయి. మళ్ళీ దొరకని రికార్డు మీద మాత్రం ఆ ప్రయోగం చేయవద్దని నా మనవి.

ఇంత చేసినా ఒకే చోట, ప్రతి చుట్టుకీ టక్కుటక్కుమంటుంటే ట్యూబ్‌లైటు కింద వాలుగా పట్టి చూడండి. గీత కనిపిస్తే అది మురికి కాదు, కడిగితే పోదు. మొదటిసారి వాయించాక ముల్లు కొసన చిన్న దూదిపింజలా మురికి చేరుతుంది. చిన్న పొడి బ్రష్‌తో వెనక నుంచి ముందుకు మాత్రమే తుడిచి, రెండో వైపు తిప్పండి. 78 ప్లేటు గాళ్ళు వెడల్పుగా ఉంటాయి కాబట్టి వాటికి ఎల్పీ ముల్లు వాడకండి, 78 కోసం చేసిన ముల్లే బిగించండి.