హ్యాండిల్ వణుకుతోందా? 600 సీసీ స్పోర్ట్స్ బైక్: సమస్య - పరిష్కారం

ఈ తరగతి బళ్లు మలుపులో చటుక్కున వంగాలని ఫోర్కులను దాదాపు 24 డిగ్రీల వాలుతో నిటారుగా పెడతారు. ట్రెయిల్ (హ్యాండిల్ తిరిగే ఇరుసు గీతను నేల దాకా పొడిగిస్తే అది తాకే చోటికీ, ముందు టైరు నేలకు ఆనే చోటికీ మధ్య దూరం) 100 మి.మీ. దరిదాపుల్లో, వీల్‌బేస్ (రెండు చక్రాల ఇరుసుల మధ్య దూరం) సాధారణంగా 1,400 మి.మీ. లోపు ఉంటుంది. టూరింగ్ బండి పట్టించుకోని చిన్న లోపం కూడా ఇక్కడ హ్యాండిల్లో తెలిసిపోతుంది. స్టీరింగ్ డ్యాంపర్ కొనే ముందు కిందివి చూడండి. డ్యాంపర్ వణుకును అణుస్తుందే గానీ, కారణాన్ని తీసేయదు.

సమస్య: యాక్సిలరేటర్ వదిలాక, 80 నుంచి 60 కి.మీ. వేగానికి దిగేటప్పుడు వణుకు

మొదటి అనుమానం ముందు టైరు మీదే. ట్రెడ్ మీద అరచేతిని ముందుకోసారి, వెనక్కోసారి నిమరండి. ఒకవైపు రంపంపళ్లలా గరుకు తగిలితే టైరు ఎగుడుదిగుడుగా అరిగినట్టే, మార్చాలి. గాలి తక్కువైతే ఈ అరుగుదల త్వరగా వస్తుంది. టైరు చల్లగా ఉన్నప్పుడు చాలా బళ్లకు ముందు 36, వెనక 42 పీఎస్ఐ. మీ బండి స్టిక్కర్ మీదున్న అంకెదే చివరి మాట.

టైరు బాగుంటే కోన్ సెట్ (హ్యాండిల్ తిరిగే చోట ఉండే బేరింగులు) చూడాలి. ముందు చక్రం నేలకు ఆనకుండా బండిని లేపండి. ఫోర్కుల అడుగు పట్టుకుని ముందుకూ వెనక్కూ ఊపితే టక్కుమంటే కోన్ సెట్‌ను బిగించే నట్టు లూజు. ఇప్పుడు హ్యాండిల్‌ను వేలితో మెల్లగా తిప్పండి: సరిగ్గా మధ్యకు రాగానే ఏదో గాడిలో పడి కూర్చున్నట్టు ఆగితే బేరింగ్ రేసులో (గుండ్లు దొర్లే గాడిలో) గుంటలు పడ్డాయి. దాన్ని బిగించి లాభం లేదు, సెట్టు మొత్తం మార్చాల్సిందే. నట్టు అతిగా బిగిస్తే ఇంకో తంటా: తక్కువ వేగంలో బండి సర్పంలా మెలికలు తిరుగుతుంది.

సమస్య: అధిక వేగంలో బండి మొత్తం నెమ్మదిగా ఊగడం

వెనక భాగం బాగా కూలబడితే ముందు చక్రం మీద బరువు తగ్గుతుంది. వెనక చక్రం గాల్లో ఉన్నప్పుడు యాక్సిల్ (చక్రం ఇరుసు) నుంచి సీటు కింది ఒక గుర్తు వరకు కొలవండి. పూర్తి గేరుతో మీరు కూర్చున్నాక, ఇంకొకరితో మళ్లీ కొలిపించండి. తేడా 30-35 మి.మీ. ఉండాలి. ఎక్కువైతే ప్రీలోడ్ (వెనక స్ప్రింగ్‌ను ముందే నొక్కి ఉంచే బిగువు) పెంచండి. అలా పెంచాక మీరు దిగినా బండి తన బరువుకు 5 మి.మీ. కూడా దిగకపోతే, స్ప్రింగ్ మీ బరువుకు మెత్తన.

చైన్ సరిచేసిన తర్వాతే ఊగుడు మొదలైతే స్వింగార్మ్ (వెనక చక్రాన్ని పట్టుకునే చేయి) మీది గుర్తులను నమ్మకండి. పివట్ (స్వింగార్మ్ ఫ్రేముకు కీలులా అతికే చోటు) నుంచి యాక్సిల్ మధ్య వరకు రెండు వైపులా కొలిచి సమానం చేయండి.

సమస్య: చక్రం విప్పి బిగించాక ముందు భాగం బిరుసెక్కడం

యాక్సిల్ బిగించాక, పించ్ బోల్టులు (ఫోర్కు అడుగున యాక్సిల్‌ను నొక్కి పట్టే బోల్టులు) బిగించే ముందు ఫోర్కులను నాలుగైదుసార్లు అదమాలి. ఇది మరిస్తే ఫోర్కు రెండు కాళ్లు ఒకదాన్నొకటి లాగుతూ లోపల ఇరుక్కుంటాయి. బోల్టులు వదులు చేసి, అదిమి, మాన్యువల్‌లోని టార్క్‌కే (బిగింపు బలానికే) మళ్లీ బిగించండి.

బ్రేకు వేసినప్పుడే అదురుతూ, లివర్ కూడా వేళ్లకు కొడుతుంటే పైవాటిలో వెతకొద్దు, డిస్కులు చూడండి.