అర చెంచాతో మొదలెట్టండి

మాది నర్సాపురం దగ్గర పల్లెటూరండి. లేసు అల్లుతాను. ఆరేళ్ల కిందట ఒకరోజు పొద్దున్నే సూది పట్టుకుందామంటే వేళ్లు ముడుచుకోలేదు. గంటన్నర గడిస్తే గానీ స్వాధీనంలోకి రాలేదు. రక్తపరీక్షలు చేసి రుమటాయిడ్ ఆర్థ్రైటిస్ అన్నారు. ఒంటికి కాపలా కాయాల్సిన రోగనిరోధక శక్తే మన కీళ్ల మీద పడే జబ్బు. అప్పట్నుంచి వారానికొక్కసారి ఆ శక్తిని తగ్గించే మెథోట్రెక్సేట్ మాత్ర, దానికి తోడు ఫోలిక్ యాసిడ్ వాడుతున్నాను.

కిందటేడు మా మేనకోడలు హైదరాబాదు నుంచి ఇన్యులిన్ అనే పీచు పొడి డబ్బా తెచ్చింది. "పేగు బాగుంటే కీళ్లూ బాగుంటాయత్తా" అంది. ఆ రాత్రే రెండు పెద్ద చెంచాలు మజ్జిగలో కలిపి తాగేశాను. తెల్లవార్లూ కడుపు డప్పులా ఉబ్బిపోయింది, గాలి ఆగితే ఒట్టు. మా ఆయన దుప్పటి పట్టుకుని వీధరుగు మీదికెళ్లి పడుకున్నారు.

తర్వాత తెలుసుకున్నదేంటంటే, ప్రోబయోటిక్ అంటే బతికున్న బాక్టీరియా. ప్రీబయోటిక్ అంటే పేగులో ఇప్పటికే ఉన్న మంచి బాక్టీరియాకి మేత, ఇన్యులిన్ ఈ రకమే. రొయ్యల చెరువులో పిల్లల్ని వదలడం వేరు, ఉన్నవాటికి మేతెయ్యడం వేరు కదా. మేత ఒక్కసారే గుమ్మరిస్తే చెరువు చెడిపోద్ది, నా కడుపుకి జరిగిందీ అదే. మనకి అరగని ఈ పీచుని పెద్దపేగులోని బాక్టీరియా పులియబెట్టి బ్యూటిరేట్ లాంటి ఆమ్లాలు తయారుచేస్తాయి. పేగుగోడ కణాలకి అది తిండి. రోగనిరోధక శక్తికి కళ్లెం వేసే టీ కణాలనే ఒక రకం తెల్ల రక్తకణాలను బ్యూటిరేట్ పెంచుతుందని 2013లో ఎలుకల్లో చూశారు. మనుషుల కీళ్లవాతం ఈ పొడితో తగ్గుతుందని మాత్రం ఇంకా గట్టిగా తేలలేదు, డబ్బా మీద ఏం రాసినా సరే.

క్రోన్స్, అల్సరేటివ్ కొలైటిస్ అనే పేగువాపు జబ్బులున్నవాళ్లు డాక్టరుని అడక్కుండా దీని జోలికి పోవద్దు. 2011లో క్రోన్స్ ఉన్న 103 మందిని రెండు జట్లు చేసి, ఒక జట్టుకి ఇలాంటి పీచే రోజుకి 15 గ్రాములు నాలుగు వారాలు ఇచ్చారు. జబ్బు తగ్గలేదు సరిగదా, మధ్యలో మానేసినవాళ్లు ఆ జట్టులోనే ఎక్కువ.

రెండోసారి డాక్టరుని అడిగే మొదలెట్టాను. "మందులు మానకుండా అయితే వాడుకోండి" అన్నారు. మీరు డబ్బా కొంటే ఆహార భద్రత చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబరుందో లేదో, పంచదార కలిపారో లేదో చూసుకోండి. ఒకే పదార్థం ఉన్నది మేలు. ఇమ్యూనిటీ పెంచుతుందని అశ్వగంధ అవీ కలిపినవి నేనైతే ముట్టను. నా ఇమ్యూనిటీకి ఇప్పటికే పొగరెక్కువ.

మొదలెట్టే రోజు కూడా చూసుకోవాలండి. నా మాత్ర ఆదివారం. సోమవారం దాకా కడుపులో తిప్పుతుంది. అందుకని పొడి గురువారం మొదలెట్టాను, ఏది దేనివల్లో తెలియాలి కదా. టీ చెంచాలో సగం, అంటే రెండు గ్రాముల్లోపు, మధ్యాహ్నం అన్నం తిన్నాక మజ్జిగలో. వారమంతా అంతే. కడుపు ఊరుకుంటే రెండో వారం ముప్పావు చెంచా. అలా అయిదు గ్రాముల దగ్గర ఆగిపోయాను. ఉబ్బితే వెనక్కి తగ్గడమే. థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్లు దాన్ని పరగడుపునే వేసుకుని, పొడి కొన్ని గంటల తర్వాత తాగండి. మలంలో రక్తం, జ్వరం, ఆగని విరేచనాలు కనబడితే పొడి ఆపి ఆసుపత్రికి వెళ్లాల్సిందే.

లేసు ఆర్డర్లు రాసుకునే పుస్తకంలోనే రోజూ రెండు ముక్కలు రాశాను: పొద్దున్న వేళ్లు ఎన్ని నిమిషాలకి సాగాయి, కడుపెలా ఉంది. మొదలెట్టినప్పుడు నలభై నిమిషాలు. ఎనిమిది వారాలకీ నలభయ్యే. మలబద్ధకం మాత్రం పోయింది, అది అబద్ధం చెప్పను.

మలబద్ధకానికే అయితే అంత ఖరీదు డబ్బా ఎందుకనిపించింది. ఉల్లిపాయా వెల్లుల్లీ ఇంట్లో ఉన్నవే, వాటిలో ఉండేదీ ఈ జాతి పీచే. బొబ్బర్లు, శనగలు, రావులపాలెం వైపు నుంచొచ్చే కూర అరటికాయలూ ఉన్నాయి. వండి చల్లార్చిన అన్నంలో కొంత పిండి అరగని రకంగా మారుతుంది, బాక్టీరియాకి అదీ మేతే. కాకపోతే మన ఉక్కలో రాత్రంతా బయట పెట్టిన చద్దన్నం నాలా రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడేవాళ్లకి పనికిరాదు. వండిన గంటలోపే ఫ్రిజ్‌లో పెట్టి, మర్నాడు పెరుగు కలుపుకుంటున్నాను.

పొడి అయిపోయింది, మళ్లీ కొనలేదు. డబ్బా మూత బిగువుగా ఉంది, తేమ తగలదని దారం ఉండలు అందులో వేసుకున్నాను.