పిల్లలతో క్యూబిజం – మూడో పాఠం: ఎదురు ముఖం, పక్క ముఖం

క్యూబిజం అంటే ఒకే వస్తువును వేర్వేరు చోట్లనుంచి చూసి, ఆ చూపుల్ని ఒకే బొమ్మలో కలిపే చిత్రకళా పద్ధతి. పోయిన పాఠంలో పిల్లలచేత కప్పు బొమ్మ వేయించాం. పక్కనుంచి చూసిన కప్పు ఒక కాగితం మీద, పైనుంచి చూసిన కప్పు ఇంకో కాగితం మీద గీసి, రెండింటినీ నిలువునా సగానికి కత్తిరించి, ఒకదాని సగానికి ఇంకోదాని సగం అంటించాం. ఫ్రెంచి చిత్రకారుడు జాఁ మెట్‌జింగర్ 1911లో వేసిన ‘లె గూతే’ చిత్రంలో ఒక స్త్రీ చెంచా పట్టుకుని కూర్చుని ఉంటుంది. ఆమె ముందున్న కప్పు ఇలాగే సగం పక్కనుంచి, సగం పైనుంచి కనిపిస్తుంది. ఆ చిత్రం ఇవాళ మళ్లీ తీయండి. ఈసారి కప్పును వదిలేసి ఆమె ముఖం చూడమనండి. అక్కడా అదే పని జరిగిందని ఎవరో ఒకరు కనిపెడతారు.

కప్పు పాఠం చెయ్యకుండా నేరుగా ఇక్కడికి వచ్చినవాళ్లు ముందు అది పూర్తిచేసి రండి. కప్పును ఎంత వంకరగా గీసినా ఎవరూ నొచ్చుకోరు. ముఖం దగ్గరికి వచ్చేసరికి పిల్లలకి పోలిక రాలేదన్న బెంగ పట్టుకుంటుంది. రెండు చూపుల్ని కలపడం కప్పుతో అలవాటైపోయి ఉంటే ఆ బెంగ చాలావరకు తగ్గుతుంది.

క్యూబిస్టు ముఖం అనగానే చాలామంది చేయించే పని ఒకటుంది. కళ్లు, ముక్కులు, నోళ్లు అచ్చేసిన కాగితం పిల్లల చేతికిచ్చి, కత్తిరించి ఎక్కడ పడితే అక్కడ అంటించమంటారు. పిల్లలు నవ్వుకుంటారు, సరదాగానే ఉంటుంది. కానీ ఆ పిల్లాడు ఆ గంటసేపట్లో ఒక్క ముఖాన్ని కూడా నిదానంగా చూడడు. పారిస్‌లో చిత్రకారులు పికాసో, బ్రాక్ 1908 నుంచి 1914 దాకా పట్టుకుని కూర్చున్న ప్రశ్న వేరు: ఒక వస్తువును ఒక్కచోట నిలబడే ఎందుకు చూడాలి? చుట్టూ తిరిగి చూసినదాన్ని ఒకే కాన్వాసు మీద ఎలా పెట్టాలి? అందుకని ఈ పాఠానికి నియమం ఒక్కటే. కంటితో చూడని గీత కాగితం మీదికి రాకూడదు.

గీతలు ముందు, ముఖం తర్వాత

ఇది తొమ్మిదేళ్లు దాటినవాళ్లకు. చిన్నవాళ్ల సంగతి తర్వాత చెబుతాను.

ఇద్దరిద్దరిని జతగా కూర్చోబెట్టండి. ఒకరు కూర్చుంటారు, ఒకరు గీస్తారు, తర్వాత మారతారు. గీసేవాళ్లకి రెండు ఎ4 కాగితాలివ్వండి. రెండింటినీ నిలువుగా పక్కపక్కన పెట్టి వెనకనుంచి టేపు వెయ్యండి. ఇప్పుడు స్కేలు పెట్టి రెండు కాగితాల మీదుగా అయిదు అడ్డగీతలు లేతగా గీయించండి: నడినెత్తికి ఒకటి, కనుబొమలకు ఒకటి, ముక్కు కిందికి ఒకటి, పెదవులు కలిసే చోటుకు ఒకటి, గడ్డం కిందికి ఒకటి. వీటిని తీసిపారేయాలనిపిస్తుంది గానీ తీసెయ్యకండి. అవి లేకపోతే ఎదురు ముఖం పెద్దదిగా, పక్క ముఖం చిన్నదిగా వచ్చి, కలిపేటప్పుడు ముక్కు వెళ్లి గడ్డం మీద కూర్చుంటుంది.

ఎడమ కాగితం మీద ఎదురు ముఖం. కళ్లు తల ఎత్తులో దాదాపు సగానికి వస్తాయని గుర్తుచెయ్యండి. పిల్లలు వాటిని నుదుటి మీదికి ఎక్కించేస్తారు. ఎదురునుంచి చూస్తే ముక్కుకు గీత అంటూ పెద్దగా ఏమీ దొరకదు. రెండు నాసికా రంధ్రాలు, ఒక పక్కన కాస్త నీడ, అంతే. ‘ముక్కెక్కడుంది, కనపడట్లేదే’ అని అడిగితే అదే సరైన ప్రశ్న. దాచిపెట్టుకోమనండి.

తర్వాత కూర్చున్నవాళ్లు గీసేవాళ్లకి ఎడమవైపు తిరగాలి. కుడి కాగితం మీద పక్క ముఖం. ఇక్కడ తొందరపడకండి, పాఠమంతా ఇక్కడే ఉంది. ఇందాక దొరకని ముక్కు ఇప్పుడు మొత్తం ఒకే గీతలో దొరుకుతుంది. పెదవులు సగమే ఉన్నాయి, కాని ముందుకు ఉబికి ఉన్నాయి. ఇందాక అంచు మాత్రమే కనిపించిన చెవి ఇప్పుడు పూర్తిగా కనిపిస్తుంది. దాని పైకొస కనుబొమ గీత దగ్గర, కింది తమ్మె ముక్కు కింది గీత దగ్గర ఉంటుంది. తల వెనక భాగాన్ని పిల్లలు దాదాపు ఎప్పుడూ కోసేస్తారు. ముక్కు కొస నుంచి తల వెనక్కి ఎంత దూరం ఉందో పెన్సిల్ పట్టుకుని కొలవమనండి. ఆశ్చర్యపోతారు.

ఇక కన్ను. పక్కనుంచి చూస్తే కన్ను పడుకోబెట్టిన ఇంగ్లీషు ‘వి’ (V) ఆకారంలో ఉంటుంది, నల్లగుడ్డు సన్నని నిలువు కోలలా కనిపిస్తుంది. అయినా పక్క ముఖానికి కూడా పిల్లలు నిండు బాదంకాయ కన్నే పెడతారు. ప్రాచీన ఈజిప్టు గోడల మీది బొమ్మల్లోనూ ఇంతే: ముఖం పక్కకి, కన్ను మనవైపు. అలా పెట్టిన కన్నును చెరిపించకండి. ఇంకోసారి చూసి, చూసిన కన్నును దాని పక్కనే గీయమనండి. ఏది ఉంచాలో అంటించేటప్పుడు వాళ్లే తేల్చుకుంటారు.

పక్క ముఖం అస్సలు రావట్లేదని ఏడుపుమొహం పెట్టేవాళ్లకు ఒక దారి ఉంది. గోడకి పెద్ద కాగితం అంటించి, ఆ గోడకి దగ్గరగా, పక్కకి తిరిగి కూర్చోబెట్టండి. అవతలి వైపు నుంచి దీపం లేదా టార్చి వెయ్యండి. గోడ మీద పడ్డ నీడ అంచు వెంట పెన్సిల్ నడిపితే చాలు. దీపం ఎంత దూరంగా ఉంటే నీడ అంచు అంత స్పష్టంగా ఉంటుంది. ఇలా చేస్తే బొమ్మ తలంత పెద్దదిగా వస్తుంది కాబట్టి ఎదురు ముఖాన్ని కూడా అదే కొలతలో పెద్ద కాగితం మీద గీయాలి.

కత్తిరించడం, కలపడం

పక్క ముఖాన్ని నుదురు, ముక్కు, పెదవులు, గడ్డం గీత వెంట జాగ్రత్తగా కత్తిరించండి. కత్తెరని తిప్పకుండా కాగితాన్ని తిప్పితే ముక్కు కొస తెగిపోదు. దీన్ని ఎదురు ముఖం కుడి సగం మీద పెట్టండి. నుదుటి గీత ఎదురు ముఖం నడిమి గీత మీద పడాలి, అడ్డగీతలు ఒకదానితో ఒకటి కలవాలి. ఇప్పుడేముంది? ఎడమ సగంలో మనల్ని చూసే కన్ను. కుడి సగంలో పక్కకి చూసే కన్ను. మధ్యలో ముక్కు ఎడమ చెంప మీదికి దూసుకొచ్చింది. నోరు సగం మనవైపు, సగం అటువైపు. కుడిపక్క చెవీ తల వెనక భాగమూ ముఖం దాటి బయటికి వస్తాయి. కావాలంటే చెవి వెనకనుంచి కత్తిరించెయ్యొచ్చు. నేనైతే ఉంచమంటాను. ఆ అదనపు వెడల్పులోనే చుట్టూ తిరిగి చూసిన సంగతి తెలుస్తుంది.

వెంటనే జిగురు పెట్టనివ్వకండి. కాస్త పైకి, కాస్త కిందికి జరిపి చూడమనండి. ఒక గీత తప్పితే కోపంగా, ఇంకో గీత తప్పితే దిగులుగా కనిపించే ముఖాలు వస్తాయి. నచ్చినచోట ఆగి అంటిస్తారు.

అయిదు నుంచి ఎనిమిదేళ్ల వాళ్లకి ఇదంతా వద్దు. ముందు చూపుడువేలితో తమ నుదుటి మీదనుంచి కిందికి రాసుకోమనండి: నుదురు, గుంట, ముక్కు కొండ, మళ్లీ గుంట, పై పెదవి, కింది పెదవి, గడ్డం. వేలు నడిచిన దారినే, పెద్ద గుడ్డు ఆకారం గీసి, దాని పైకొస నుంచి కిందికొస దాకా ఒకే గీతగా దింపమనండి. ఆ గీతకి ఒక పక్క నిండు కన్ను, రెండో పక్క ‘వి’ కన్ను. అయిపోయింది.

రంగులు

పికాసో 1910లో వేసిన ఆంబ్రువాజ్ వొలార్, డేనియల్ హెన్రీ కాన్‌వైలర్ అనే ఇద్దరు చిత్రాల వ్యాపారుల రూపచిత్రాలు చూపిస్తే పిల్లలు పెదవి విరుస్తారు. అంతా గోధుమ, బూడిద రంగులే. రంగు వెనక్కి తగ్గితేనే ముక్కలు ముక్కలుగా ఉన్న చదునైన పలకలు కంటికి ఆనతాయి. మనం బళ్లలో చూపించే ఎరుపు పసుపు ముఖాలు, ఉదాహరణకు డోరా మార్ అనే ఫొటోగ్రాఫర్‌ని పికాసో వేసిన చిత్రాలు, 1937 నాటివి. అప్పటికి క్యూబిజం ఉద్యమంగా ముగిసి ఇరవై ఏళ్లు దాటింది. ఆ చూపు అలవాటు మాత్రం పికాసోను వదల్లేదు. పెద్ద పిల్లలకి ఈ తేడా చెప్పండి, చిన్నవాళ్లకి అక్కర్లేదు.

మన బొమ్మకి సులువైన పద్ధతి: ఎదురు ముఖానికి ఎరుపు, నారింజ, పసుపు, పక్క ముఖానికి నీలం, ఆకుపచ్చ, ఊదా. ఏ ముక్క ఏ చూపుదో రంగే చెబుతుంది. ముందు మైనపు క్రేయాన్‌తో గీతలు దిద్ది, పైన వాటర్ కలర్ వేస్తే మైనం మీద నీళ్ల రంగు నిలవదు, గీతలు మెరుస్తూ మిగులుతాయి. నల్ల స్కెచ్ పెన్ పూర్తిగా ఆరాకే. తడి మీద పెడితే పాకి ముఖమంతా మరకవుతుంది.

ఇంకా ఓపికున్నవాళ్లకి స్పెయిన్ చిత్రకారుడు హువాన్ గ్రిస్ 1912లో వేసిన పికాసో రూపచిత్రం చూపించండి. ముఖం, కోటు, వెనకున్న ఖాళీ, అన్నీ ఏటవాలు గీతలతో తెగి ఉంటాయి. బొమ్మ మీదుగా స్కేలుతో నాలుగైదు ఏటవాలు గీతలు గీయించండి, అవి ముఖం దగ్గర ఆగకుండా కాగితం అంచుదాకా పోవాలి. ప్రతి గీతకీ ఒకే వైపున పెన్సిల్‌తో ముదురుగా మొదలుపెట్టి, దూరం పోయేకొద్దీ లేతగా వదిలెయ్యాలి. చదునుగా ఉన్న కాగితం మడతలు పడ్డట్టు కనిపించడం మొదలవుతుంది.

మాటలు

కూర్చున్న పిల్ల తన బొమ్మ చూసి ‘నా ముక్కు ఇలా ఉందా?’ అని చిన్నబుచ్చుకోవచ్చు. ముందే చెప్పి ఉంచండి, ఇవాళ ఎవరి పోలికా రాదని. లేదా పక్క ముఖాన్ని ఫోనులో ఫొటో తీసి, ఎవరి ముఖం వాళ్లనే గీసుకోమనండి. ఎదురు ముఖానికి అద్దం చాలు.

‘బాగుంది’, ‘బాగాలేదు’ అనే మాటలు ఈ గంటకి పక్కన పెట్టి ఒక్కటే అడగండి: ఈ కన్ను ఎక్కడ నిలబడి చూసినది? ఈ చెవి? ఈ నోరు? జవాబు తడుముకోకుండా వస్తే బొమ్మ ఎంత వంకరగా ఉన్నా పని జరిగినట్టే. ‘ఊరికే పెట్టాను’ అంటే తిట్టకండి, లేచి వెళ్లి ఇంకోసారి చూసి రమ్మనండి.

వచ్చే పాఠంలో ముఖాన్ని కాగితం ముక్కలతో కడతాం. 1912లో పికాసో కుర్చీ అల్లిక అచ్చేసిన ఆయిల్ క్లాత్‌ని బొమ్మ మీద అంటించి చుట్టూ తాడు చుట్టాడు, బ్రాక్ కట్టె గీతలు అచ్చేసిన గోడ కాగితాన్ని తన బొమ్మలోకి తెచ్చాడు. అందుకోసం పాత వార్తాపత్రికలు, గరుకు అట్టలు, గీతలున్న నోటుబుక్కు పేజీలు పోగుచేసి ఉంచండి. ఇవాళ కత్తిరించగా మిగిలిన చెవులు, సగం నోళ్లు కూడా ఒక కవరులో వేసి పేరు రాసిపెట్టండి.