డిమెన్షియా ఉన్న పెద్దవాళ్లను కేర్ హోమ్‌లో ఎలా చేర్చాలి?

1. సాయంత్రం వెళ్లి చూడండి

చాలామంది ఆదివారం పొద్దున వెళ్తారు. ఆ వేళ ఏ హోమైనా బాగానే కనిపిస్తుంది. మామూలు రోజున 5 నుంచి 7 మధ్య వెళ్లండి. పొద్దు వాలేసరికి చాలామందిలో కంగారు, ఇంటికెళ్తాననే పట్టు పెరుగుతాయి. సిబ్బంది పనితనం తెలిసేది అప్పుడే. టీవీ ముందు కూర్చోబెట్టి వదిలేస్తున్నారా, పక్కన చేరి మాటల్లో పెడుతున్నారా?

రాత్రి మెలకువగా ఉండేవాళ్లు ఎందరని అడగండి. అక్కడే పడుకునే మనిషి లెక్కలోకి రారు. అర్ధరాత్రి ఆసుపత్రికి వెంట ఎవరొస్తారు, డైపర్ల ఖర్చు ఎవరిది, డిపాజిట్ ఎప్పుడు తిరిగిస్తారు అన్నవి కాగితం మీద ఉండాలి. వీలైతే ముందు పది పదిహేను రోజులు ఉంచి చూడండి.

వీటన్నిటికన్నా ముఖ్యం, ప్రతి షిఫ్టులో తెలుగు వచ్చినవారు ఉండటం. జబ్బు ముదిరేకొద్దీ, తర్వాత నేర్చుకున్న ఇంగ్లీషు, హిందీ తరచుగా ముందు జారిపోతాయి. ‘ఒంటికి వస్తోంది’ అన్న మాట అటెండెంటుకు అర్థం కాకపోతే పక్క తడుస్తుంది. ఆపైన ‘కంట్రోల్ లేదు’ అని రాసుకుని డైపర్ వేసేస్తారు.

2. గది, బాత్రూమ్, పళ్లెం

ఈ జబ్బులో నల్లటి డోర్‌మ్యాట్ గుంటలా కనబడి అడుగు ఆగిపోవచ్చు. తెల్ల టైల్స్ మధ్య తెల్ల కమోడ్ ఆనదు, రంగు సీటు వేయించమనండి. తెల్ల పళ్లెంలో పెరుగన్నం సంగతీ అంతే. కనబడక వదిలేస్తే ‘తినడం లేదు’ అనుకుంటారు.

3. ఒక పేజీ రాసివ్వండి

ఏమని పిలిస్తే పలుకుతారు, కాఫీనా టీనా, స్నానం టిఫిన్‌కు ముందా తర్వాతా, శనివారం ఒంటిపూటా, ఏ చెవికి మెషిన్. మందుల చీటీలో జలుబు మాత్రలు కూడా ఉండాలి. క్లోర్‌ఫెనిరమైన్ లాంటివి అయోమయాన్ని పెంచుతాయి.

బట్టలు 7 జతలు, పేరు కుట్టించి. బొందుల బదులు ఎలాస్టిక్. బంగారం ఇంట్లోనే ఉంచండి.

4. చేర్చే రోజు

గది ముందురోజే సర్దండి. వాడిన దుప్పటే వేయండి, కొత్తది వద్దు. వయసులో ఉన్నప్పటి ఫోటోలు పెట్టండి. టిఫిన్ అయ్యాక తీసుకెళ్లండి. వారం ముందే చెప్తే విషయం మరిచిపోతారు, దిగులు మాత్రం మిగిలిపోతుంది. ‘ఇంటికెళ్తా’ అంటే ‘ఇదే ఇల్లు’ అని వాదించకండి. ‘ఇంట్లో ఎవరెవరున్నారు నాన్నా?’ అని మాట కలపండి. భోజనానికి కూర్చున్నాక, వీడ్కోలు సాగదీయకుండా బయల్దేరండి.

5. తర్వాత

మొదటి వారాల్లో మనిషి కాస్త డీలాపడినట్టు కనిపించడం మామూలే. నెలనెలా బరువు తూయించండి. 60 కిలోలున్నవారు నెలలో 57కి దిగితే డాక్టరుకు చూపించాల్సిందే.

ఒకటి రెండు రోజుల్లోనే మనిషి మారిపోతే ‘జబ్బు ముదిరింది’ అన్న జవాబుతో ఊరుకోకండి. మూత్రంలో ఇన్ఫెక్షన్, మలబద్ధకం, నీళ్లు చాలకపోవడం ముందు చూడమనండి.

పగలంతా నిద్రపోతుంటే కొత్త మాత్ర ఏదైనా మొదలైందా అని అడగండి. క్వెటియాపిన్, రిస్పెరిడోన్ లాంటి మానసిక జబ్బుల మందులు డిమెన్షియా ఉన్నవారిలో పక్షవాతం, మరణం ముప్పు పెంచుతాయి. ఒక్కోసారి అవి అవసరమే, మీ అంతట మీరు ఆపేయకండి. ఎవరు రాశారు, ఎందుకు, ఎప్పటిదాకా అన్నవి మాత్రం చీటీ మీద రాయించుకోండి.