కారులో హామ్ రేడియో: పీటీటీ నొక్కగానే సెట్ ఆరిపోతుంటే

నా కారులోని హామ్ రేడియో (లైసెన్సుతో అభిరుచిగా నడిపే వైర్‌లెస్) సెట్‌లో 145 మెగాహెర్ట్జ్‌లో వినడానికి ఏ ఇబ్బందీ లేదు. హై పవర్‌లో పీటీటీ (మాట్లాడటానికి మైకు మీద నొక్కే మీట) నొక్కితే మాత్రం సెట్ ఆరిపోయి మళ్ళీ వెలిగేది. యాంటెనా, కోయాక్స్ (యాంటెనా కేబుల్), మైకు అన్నీ మార్చాను, డబ్బు దండగ.

చివరికి ఇంజన్ ఆన్‌లో ఉంచి, సెట్ వెనక మల్టీమీటర్ పెట్టి నొక్కాను. 13.6 వోల్టులు కాస్తా 10.8కి పడిపోయింది! కరెంటు సిగరెట్ లైటర్ సాకెట్ నుంచి తీసుకున్నాను మరి. ఆ సన్న తీగ పది ఆంపియర్లు ఎక్కడ మోస్తుంది?

ముందు బ్యాటరీ నెగటివ్ విప్పాను. బ్యాటరీ దగ్గర నుంచి సెట్‌కు లావు తీగలను రబ్బరు బుష్ గుండా లోపలికి లాగాను. బ్యాటరీ పాజిటివ్‌కు జానెడు దూరంలోపే 15 ఆంపియర్ల ఫ్యూజు పెట్టాను. నల్ల తీగను, పెయింటు గీకి, బ్యాటరీ ఎర్త్ బోల్టు దగ్గరే బాడీకి బిగించాను. ఇప్పుడు నొక్కినా 13.1 దగ్గర నిలుస్తోంది.

నాది పాత పెట్రోలు కారు. బ్యాటరీ సెన్సర్ ఉన్న కొత్త బండ్ల సంగతి వేరు కావచ్చు, మాన్యువల్ చూసుకోండి.