హాలీహాక్ ఆకులకి తుప్పు పట్టింది: నేనేం చేశానంటే

మేముండేది అమెరికాలో, ఒహాయోలో. పెరటి కంచె వెంట హాలీహాక్ అనే పూలమొక్క గింజలు వేస్తే మొదటి ఏడాదంతా ఒట్టి ఆకులే. పీకేద్దామనుకున్నాను. ఇది రెండేళ్ల మొక్క, పూసేది రెండో వేసవిలోనే అని పక్కింటావిడ ఆపింది.

మరుసటి ఏడు ఆరడుగులు లేచింది. పువ్వు అచ్చం మన మందారానికి చెల్లెలే. బెండ, గోంగూర, పత్తి కూడా ఆ కుటుంబమే మరి! సరిగ్గా మొగ్గ తొడిగే వేళకి కింది ఆకుల మీద పసుపు మచ్చలు, తిప్పి చూస్తే అడుగున నారింజ రంగు పొక్కులు. ఒకటే టెన్షన్. అలవాటు కొద్దీ వేపనూనె కొట్టాను, తగ్గలేదు. అది పురుగు కాదు, తుప్పు తెగులు, అంటే శిలీంధ్రం.

తప్పు నాదే. గింజలు జానెడు దూరంలో వేసి, సాయంత్రాలు పైపుతో ఆకులన్నీ తడిపేదాన్ని. మచ్చలున్న ఆకులు కోసి, కవర్లో కట్టి చెత్తలో పడేశాను, కంపోస్టులో వెయ్యలేదు. నీళ్లు పొద్దున్నే, ఆకులు తడవకుండా మొక్క మొదట్లోనే పోశాను. మధ్య మొక్కలు తీసి రెండడుగుల ఎడం ఉంచాను. తీసినవి వేరే చోట నాటితే ఒక్కటీ బతకలేదు. తల్లివేరు లోతుగా దిగాక కదిపితే ఒప్పుకోదు.

చలికాలం ముందు కాడలు నేలమట్టానికి కోసి, రాలిన ఆకులు ఊడ్చేశాను. కంచె కింద మొలిచే ‘మాలో’ (mallow) అనే కలుపు మొక్కనీ పీకాను, దానికీ ఇదే తెగులు. తర్వాతి ఏడాది మచ్చలు వచ్చాయి గానీ, పూలు సగం అయిపోయాక. అడుగున బోసిగా ఉందని ముందు వరసలో బంతి పెట్టాను.